లెక్కంతా బల్ల మీదే

ఇంజిను ఉన్న మోడల్ విమానానికి ఒక సౌకర్యం ఉంది. రెక్క కాస్త మెలిపడినా, తోక కాస్త బరువెక్కినా ఇంజిను ఎలాగోలా లాక్కుపోతుంది. గ్లైడర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎక్కిన ఎత్తే దాని ఆస్తి. ఆ ఎత్తును కొద్దికొద్దిగా ఖర్చు పెట్టుకుంటూనే అది ముందుకు సాగాలి. కట్టేటప్పుడు దొర్లిన ప్రతి పొరపాటుకూ ఆ ఖాతాలోంచే కోత పడుతుంది. అందుకే రిమోట్ గ్లైడర్‌ను కిట్ నుంచి కూర్చేవాళ్ల నేర్పు మైదానానికి వెళ్లకముందే తేలిపోతుంది.

1980ల్లో అమెరికాలో ఈ విద్య మొదలుపెట్టిన చాలామంది చేతికి ముందుగా వచ్చిన పెట్టె 'జెంటిల్ లేడీ'. షికాగోలోని కార్ల్ గోల్డ్‌బర్గ్ మోడల్స్ వారి కిట్ అది. గోల్డ్‌బర్గ్ 1938 నాటి 'జిప్పర్' మోడల్‌తోనే పేరు తెచ్చుకున్న డిజైనర్. జెంటిల్ లేడీ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 2 మీటర్లు, బరువు ముప్పావు కిలోకు అటూఇటూ. నడిపేవాడి అదుపులో ఉండేవి రెండే: ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్, పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్. పెట్టెలో బాల్సా పలకలు, పుల్లలు, రెక్కకు ఆకారమిచ్చే, కోసిపెట్టిన రిబ్‌లు, కాస్త ప్లైవుడ్, అసలు సైజులో అచ్చువేసిన ప్లాను ఉండేవి. రేడియో, రడ్డర్‌నూ ఎలివేటర్‌నూ కదిపే సర్వోలు, జిగురు, పైన అంటించే ఫిల్మ్ విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది. అప్పట్లో రిబ్‌లను డైతో కోసేవారు. అంచులు సరిగ్గా తెగక, ఊడదీయబోతే సగం ముక్క చేతికొచ్చేది. ఇప్పటి కిట్లలో లేజర్ ఆ బాధ తప్పించింది.

బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికిని చేత పట్టి చూసినవారికి ఈ చెక్క స్వభావం సగం తెలిసినట్టే: మెత్తన, తేలిక, కత్తికి ఇట్టే లొంగుతుంది. అలాగని బొమ్మల చెక్క అని తీసిపారేయడానికి లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ 'మస్కిటో' విమానం ఒంటిని ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేశారు. 2003లో మేనార్డ్ హిల్ బృందం 5 కిలోలైనా లేని బాల్సా మోడల్‌ను న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్ దాకా, చిన్న ఇంజినుతో, 38 గంటలకు పైగా ఎగరేసి అట్లాంటిక్ దాటించింది.

చిక్కేమిటంటే బాల్సా అంతా ఒక్క తీరుగా ఉండదు. ఒకే సైజు పలకలు రెండు తూస్తే ఒకటి రెండోదానికి రెట్టింపు తూగవచ్చు. అందుకే చేయితిరిగినవాళ్లు పెట్టె తెరవగానే జిగురు జోలికి పోరు, వంటింట్లోంచి డిజిటల్ కాటా తెచ్చుకుంటారు. గట్టి పుల్లలు రెక్క పొడవునా సాగే స్పార్‌లకు, తేలిక పలకలు తోకకు. గరిమనాభికి తోక దూరం, ముక్కు దగ్గర. తోకలో ఒక గ్రాము పెరిగితే దాన్ని సరిచేయడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం కూరాలి.

చదునైన బల్ల దొరకడమే మొదటి పని. పాత తలుపు చెక్కను బల్లగా వాడేవాళ్లు చాలామంది. దానిమీద ప్లాను, జిగురు అంటకుండా ప్లాను మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, కింది స్పార్‌ను గుండుసూదులతో బిగిస్తారు. దాని మీద రిబ్‌లు, రిబ్‌ల గాట్లలో పై స్పార్, ముందూ వెనకా అంచులు. బల్ల వంకరైతే రెక్క కూడా వంకరే.

కొత్తవాళ్లు తొందరపడే చోటు ఆ తర్వాత వస్తుంది. రెక్క పైకి వంగబోయినప్పుడు పై స్పార్ నొక్కుకుంటుంది, కింది స్పార్ సాగుతుంది. మధ్య ఖాళీ వదిలేస్తే రెండు పుల్లలూ దేనికది లొంగిపోతాయి. రిబ్‌కూ రిబ్‌కూ నడుమ, రెండు స్పార్‌లనూ కలుపుతూ పల్చటి బాల్సా ముక్కలు అంటిస్తే రెండూ కలిసి ఒకే దూలంగా పనిచేస్తాయి. వీటిని షియర్ వెబ్‌లు అంటారు. ఈ ముక్కల్లో చెక్క నార నిలువుగా ఉండాలి, అదే కిటుకు. అడ్డనార పెడితే భారం పడ్డప్పుడు ముక్క నార వెంట చీలిపోతుంది. నిలువునార కావాలంటే పొడుగాటి పట్టీలోంచి చకచకా కత్తిరించడం కుదరదు. ఒక్కో గడికి కొలిచి, ఒక్కో ముక్క కోసి, సందు లేకుండా ఉప్పుకాగితంతో రుద్ది కూర్చాలి. విసుగు పుట్టించే పని. ఫిల్మ్ వేశాక చూసేవారికి ఆ పనితనం కంటబడదు కూడా. సాగదీసిన రబ్బరు తాడు గ్లైడర్‌ను ఒక్క ఊపున పైకి లాగినప్పుడు రెక్క నిలుస్తుందా, మధ్యకు మడతపడుతుందా అనేది మాత్రం ఈ ముక్కల మీదే ఆధారపడుతుంది.

జెంటిల్ లేడీ రెక్క నాలుగు ముక్కలు. ఒక్కో అతుకు దగ్గర కొంత పైకి వాలి ఉంటుంది. అందం కోసం పెట్టిన వాలు కాదది. ఈ గ్లైడర్‌కు రెక్కలను ఒరగించే పలకలు, అంటే ఎయిలరాన్‌లు, లేవు, ఒరగడానికి ఆ వాలే దిక్కు. రడ్డర్ ఎడమకు తిప్పితే ముక్కు ఎడమకు మళ్లి, కుడి రెక్క ముందుకొస్తుంది. వాలు వల్ల గాలి ఆ రెక్కకు ఎక్కువ కోణంలో తగిలి దాన్ని లేపుతుంది. విమానం ఎడమకు ఒరిగి తిరుగుతుంది. రెండు వైపులా వాలు సమానంగా లేకపోతే అది ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. అందుకే కొస కింద కొలిచి కోసిన చెక్కముక్క పెట్టి, అతుకులో ప్లైవుడ్ పట్టీ వేసి, ఎపాక్సీ గట్టిపడేదాకా కదపరు.

పూర్వం పట్టుగుడ్డో పల్చటి టిష్యూ కాగితమో కప్పి డోప్ అనే వార్నిష్ పూసేవారు. 1960ల్లో మోనోకోట్ అనే ఫిల్మ్ వచ్చాక చిన్న ఇస్త్రీపెట్టెతో పని తేలికైంది. వేడికి ఫిల్మ్ ముడుచుకుని బిగుస్తుంది, బిగుస్తూ రెక్కను మెలితిప్పనూ గలదు. అదే గుణంతో మెలికను తీసేయనూ వచ్చు: ఒకరు రెక్కను ఎదురుదిశలో తిప్పి పట్టుకుంటే ఇంకొకరు ఫిల్మ్‌కు మళ్లీ వేడి తగిలిస్తారు. చల్లారాక ఆ ఆకారం నిలిచిపోతుంది. కొసల్లో వెనక అంచును కొద్దిగా పైకి ఉంచే అలవాటూ ఉంది. వేగం తగ్గినప్పుడు కొసలు ఆఖరున పట్టు తప్పుతాయి కాబట్టి విమానం గిర్రున తిరిగి పడిపోదు.

చివరికి గరిమనాభి పరీక్ష. సాధారణంగా రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి మూడోవంతు దగ్గర, ప్లానులో గుర్తుపెట్టిన చోట రెండు వేళ్ల మీద నిలిపితే విమానం సమంగా ఆగాలి. రడ్డర్, ఎలివేటర్ ఎటు చెబితే అటే కదులుతున్నాయో లేదో చూడాలి. ఇది మరిచిపోయి మొదటి విసురులోనే విరగ్గొట్టుకున్నవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. గాలి కదలని పొద్దున, ఎత్తు గడ్డి మీద, చేత్తో విసిరి చూశాకే రబ్బరు తాడు సంగతి. మామూలుగా 30 మీటర్ల రబ్బరు గొట్టానికి 120 మీటర్ల దారం కడతారు. మన దేశంలోనైతే ముందుగా, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

పైకి చేరాక వెతకాల్సింది లేచే వేడిగాలిని. నీళ్లు నిలిచిన వరిమడి మీద అది బలహీనం. దున్నిన మెట్టచేను మీద, మధ్యాహ్నం పూట, గద్దలు రెక్కాడించకుండా చుట్లు తిరిగే చోట దొరుకుతుంది. వేడిగాలి అంచు తగిలిన రెక్క లేచి, గ్లైడర్ తనంతట తానే అవతలి పక్కకు తిరిగిపోతుంది. తెలియనివాడు దాన్ని అలా పోనిస్తాడు. తెలిసినవాడు లేచిన రెక్క వైపే తిప్పుతాడు. రెక్కలో సొంత మెలిక లేదని నమ్మకం ఉన్నవాడే ఈ సైగను చదవగలడు. తన చేత్తో కట్టినవాడికి ఆ నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు ఫోమ్ గ్లైడర్లు దాదాపు కట్టినవే వస్తున్నాయి. ఎగరేయడం నేర్చుకోవడానికి అవే మేలు, దెబ్బలకు ఓర్చుకుంటాయి. మోనోకోట్ అమ్మిన హాబికో కంపెనీ 2018లో దివాలా తీసింది. బాల్సా కిట్లు ఇప్పుడు చాలావరకు లేజర్ యంత్రం పెట్టుకున్న చిన్న తయారీదారుల చేతుల్లో ఉన్నాయి. అయినా బాల్సా రెక్కకు మరమ్మతు సులువు. విరిగిన స్పార్ రెండు కొసలనూ ఏటవాలుగా కోసి, కొత్త పుల్ల అతికించి, పక్కన బలానికి ఇంకో ముక్క వేసి, చిరిగినచోట ఫిల్మ్ అతుకు ఇస్త్రీ చేస్తే, జిగురు ఆరాక రెక్క మళ్లీ ఎగరడానికి సిద్ధం. తూకం మాత్రం మళ్లీ చూసుకోవాలి.