ఎల్డర్ స్క్రోల్స్ ఐతిహ్యము - ప్రమాణవిచారము

కావ్యములకు వ్యాఖ్యానములు పుట్టుట మనకు తెలిసినదే. ఆటలకును వ్యాఖ్యానములు పుట్టుట ఇటీవలి విషయము. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమందలి బెథెస్డా సంస్థ 1994లో 'అరీనా' అను కంప్యూటరు క్రీడను వెలువరించెను. అది 'ది ఎల్డర్ స్క్రోల్స్' అను క్రీడామాలకు మొదటిది. దాని వెనుక 'డాగర్‌ఫాల్' (1996), 'మొరోవిండ్' (2002), 'ఆబ్లివియన్' (2006), 'స్కైరిమ్' (2011) వచ్చెను. పెక్కురు ఒకేసారి కూడి ఆడుటకు వీలైన 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' 2014లో వచ్చెను. వీనిలో ఆడువాడు టామ్రియెల్ అను కల్పితఖండమున నొక పాత్రను ధరించి, తన కప్పగింపబడిన కార్యములను నెఱవేర్చును. ఆ కార్యములను 'క్వెస్టు'లందురు. ఆ లోకపు చరిత్రను, మతములను, రాజవంశములను, పురాణకథలను కలిపి 'లోర్' అందురు. మన పరిభాషలో దీనిని ఐతిహ్యమనవచ్చును.

ఈ ఐతిహ్యమునుగూర్చి అభిమానులు ఏండ్ల తరబడి వాదించుచున్నారు. ఇది పనిలేనివారి కాలక్షేపమని త్రోసివేయుట సులభము. కాని ఆ వాదములను శ్రద్ధతో పరిశీలించినచో, పాఠపరిష్కరణమును నేర్చు విద్యార్థికి అందు గ్రహింపదగినదియు, వర్జింపదగినదియు గలవని తెలియును. ఆ రెంటిని వేఱుపఱచుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఈ క్రీడామాలకొక విశేషము గలదు. ఐతిహ్యమును చెప్పు సర్వజ్ఞుడైన కథకు డిందు లేడు. ఆ లోకమందలి గ్రంథాలయములలో, ఇండ్లలో, గుహలలో వందలకొలది చిన్న పుస్తకము లుండును. ఆడువాడు వానిని తెఱచి చదువవచ్చును. వాని కర్తలు ఆ లోకవాసులే. ప్రతి కర్తకు ఒక జాతి, ఒక మతము, ఒక పక్షము గలవు. కావున ఆ పుస్తకములు ఒండొంటితో విభేదించును. కెన్ రోల్స్టన్ ప్రధానరూపకర్తగా వెలువడిన 'మొరోవిండ్'లో ఈ పద్ధతి పరిపాకమునొందినది.

ఇందులకు నెరెవార్ మరణము మంచి ఉదాహరణము. ఎఱ్ఱకొండ యుద్ధమున విజయమునొందిన ఈ సేనాని యెట్లు చనిపోయెను? యుద్ధమున తగిలిన గాయములచే చనిపోయెనని దేవాలయవర్గము బోధించును. భార్యయైన అల్మలెక్సియాయు, మంత్రులైన సోథా సిల్, వివెక్ అనువారును దైవత్వమును కాజేయదలచి చంపిరని ఆష్‌లాండర్లను సంచారజాతివారు చెప్పుదురు. ఆ మువ్వురే యిప్పుడు దేవాలయమున పూజలందుకొను దేవతలు. వివెక్ స్వయముగా ఆడువాని కొక కథనము నొసగును. నెరెవార్‌కు తాము చేసిన ప్రమాణమును తప్పితిమని అతడందు ఒప్పుకొనునుగాని, హత్యను మాత్రము ఒప్పుకొనడు. క్రీడ ముగిసినను తీర్పు రాదు.

ఇచ్చట అభిమానులు చేసిన పని యేమి? ఏ కథనము ఎవరికి లాభము? ఏది యెప్పుడు వ్రాయబడెను? ఏ సాక్షి ఆ స్థలమున నుండెను? ఈ ప్రశ్నలను వారు వేసిరి. ఇది యథార్థమైన విమర్శమార్గము. అంతటితో ఆగక మఱియొక ఆధారమును గూడ వెలికి దీసిరి. మైకేల్ కర్క్‌బ్రైడ్ రచించిన 'వివెక్ ముప్పదియాఱు పాఠములు' ఆ క్రీడలో వివెక్ పేరిటనే యుండును. పైకి అది ఆత్మస్తుతి. కాని ఇరువదితొమ్మిదవ పాఠమున గొన్ని సంఖ్యలు గలవు. ఆ సంఖ్యల ననుసరించి ఒక్కొక్క పాఠమునుండి ఒక్కొక్క మాటను ఏరినచో, తాను పుట్టుకతో దేవుడు గాననియు, దైవత్వమును దొంగిలించి సేనానిని చంపితిననియు చెప్పు వాక్యములు తేలును. గర్భకవిత్వమును, బంధకవిత్వమును ఎఱిగిన మన పాఠకులకు ఈ విద్య క్రొత్తగాదు. ఒక పద్యమున నిమిడిన మఱియొక పద్యమును వెలికిదీయుట మనకు చిత్రకవిత్వాస్వాదన మాత్రమే. ఇచ్చటనో అది సాక్ష్యమైనది.

ఈ గూఢవాక్యము నిజముగా నేరాంగీకారమా, లేక మఱియొక మాయయా యని వాదము మిగిలియే యున్నది. మా అభిప్రాయ మిది: తనకు లాభించు మాటకంటె తనకు హాని చేయు మాటకు బలమెక్కువ. కావున దేవాలయపు కథనముకంటె ఈ గూఢవాక్యమే విశ్వసనీయము. ఇట్లు నిర్ణయించుటకు అవకాశమిచ్చు విరోధము ఫలవంతమైన విరోధము.

రెండవ విధమైన విరోధము వేఱు. 'డాగర్‌ఫాల్'లో నుమిడియమ్ అను మహాయంత్రమును వశపఱచు సాధనము ఆడువాని చేత జిక్కును. అతడు దానిని చక్రవర్తి పక్షమున కీయవచ్చును. ప్రాంతీయరాజులలో నొకరికో, ఓర్కుల నాయకునికో, మఱియొకరికో ఈయవచ్చును. ఎవరికిచ్చిన కథ ఆ విధముగా ముగియును. తరువాతి క్రీడ ఏ ముగింపు ననుసరింపవలెను? సంస్థ వానిలో దేనినిగూడ త్రోసిపుచ్చలేదు. ముగింపులన్నియు నేకకాలమున జరిగెననియు, ఆ సమయమున కాలమే భగ్నమయ్యెననియు కల్పించెను. కాలదేవతయైన అకటోష్ డ్రాగన్ రూపము గలవాడగుటచే దీనికి 'డ్రాగన్ బ్రేక్' అని పేరు. అంతకుముందు నలుబదికి పైబడిన చిన్న రాజ్యములున్న ఆ తీరమున, దాని పిమ్మట నాలుగు రాజ్యములే మిగిలెను.

ఇచ్చట గ్రహింపవలసిన విషయమొకటి గలదు. మన తర్కశాస్త్రమున ప్రత్యక్షము జ్యేష్ఠప్రమాణము. ఈ క్రీడలో ప్రత్యక్షమే ఆడువానికొక విధముగా నుండును. ఓర్కు నాయకునికి సాధనమిచ్చినవాడు చూచినది అబద్ధముగాదు. చక్రవర్తికిచ్చినవాడు చూచినదియు అబద్ధముగాదు. అందఱి అనుభవమును మన్నించుటకు సంస్థ పన్నిన ఉపాయముగా ఈ కల్పన ప్రశంసనీయమే.

కాని అభిమానులలో పలువురు దీనిని సర్వరోగనివారిణిగా జేసిరి. ఏ రెండు పుస్తకములు విరోధించినను కాలభంగమని చెప్పి ఊరకుందురు. సిరొడీల్ దేశపు అడవిని చూడుడు. 1998లో 'రెడ్‌గార్డ్' అను క్రీడతో వెలువడిన చిన్న దేశవర్ణనగ్రంథమున సిరొడీల్ దట్టమైన ఉష్ణమండలారణ్యము. 2006నాటి 'ఆబ్లివియన్'లో అది సమశీతలమైన పచ్చని దేశము. ఆ క్రీడలోనే మతాచార్యుడొకడు వ్రాసిన గ్రంథము, దైవశక్తి నొందిన చక్రవర్తి ఆ దేశపు రూపును మార్చెనని సూచించును. 2014నాటి క్రీడలోని యొక పుస్తకమున మాత్రము అది లేఖకప్రమాదమను వాదము వినబడును.

ఈ రెంటిలో నేది గ్రాహ్యము? 2014నాటి క్రీడలోని కథ ఆ చక్రవర్తి పుట్టుటకు పూర్వము జరుగును. అప్పటికే ఆ దేశము సమశీతలముగా కనబడును. కావున చక్రవర్తి మార్చెననువారు, ఆ మార్పు గతకాలమునకు గూడ ప్రాకెనని మఱియొక కల్పనను జోడింపవలసివచ్చును. లేఖకప్రమాదమనువారికి అట్టి అదనపు కల్పన యక్కఱలేదు. కల్పనాలాఘవముచే రెండవ వాదమే మేలు. అందు కవిత తక్కువ. ఆ కారణమున దానిని పలువురు ఇష్టపడరు. ఐనను ఇష్టము ప్రమాణము గాదు. కాలభంగమని చెప్పి ఊరకున్నవానికి ఈ తారతమ్యము కనబడనే కనబడదు. అతడు విచారమును ముగింపలేదు. విచారమునకు ద్వారమును మూసినాడు.

మూడవది, ఒక్క మాటను పట్టుకొని తక్కినదానిని విడుచుట. 'స్కైరిమ్'లోని అంతర్యుద్ధమున తిరుగుబాటు నాయకుడైన ఉల్ఫ్రిక్, శత్రువులైన థాల్మోర్‌కు గూఢచారియని పెక్కుమంది వాదింతురు. వారి రాయబారకార్యాలయమున దొరకు పత్రము వీరికి ఆధారము. ఆ పత్రమున అతడు తమకు ఉపయోగపడు వ్యక్తియని యున్నమాట నిజమే. కాని అదే పత్రము అతడిప్పుడు తమతో సహకరించుటలేదనియు, అతని పక్షమునకు పూర్తివిజయము కలుగుటయు తమకు హితము గాదనియు చెప్పుచున్నది. శత్రువు తన కార్యమునకు వాడుకొనువాడు వేఱు, శత్రువుకొఱకు పనిచేయువాడు వేఱు. పూర్తిగా చదివినచో ఆ పత్రము మొదటి అర్థమునే సమర్థించును.

నాలుగవది కర్తృవాక్యమునకు సంబంధించినది. కర్క్‌బ్రైడ్ సంస్థ ఉద్యోగమును విడిచిన పిమ్మట, 2014లో, 'కోడా' అను చిత్రకథారచనను క్రీడకు బయట ప్రకటించెను. అది ఐతిహ్యమున ప్రమాణమా, కాదా? వివెక్ పాఠములను వ్రాసినవాడే వ్రాసెను గనుక ప్రమాణమని ఒక పక్షము. క్రీడలో లేదు గనుక కాదని మఱియొక పక్షము. ముగ్గురు కవులు నిర్మించిన ఆంధ్రభారతమును ఏ ఒక్కరి మనస్సుతోను మనము కొలువజాలము. పెక్కురు శిల్పులు ఏండ్ల తరబడి కట్టిన ఈ లోకమునకును అదే న్యాయము. ఒక శిల్పి వెలుపల చెప్పినమాట మంచి వ్యాఖ్యానము కావచ్చును. మూలము మాత్రము గానేరదు. ఆధారము లేనిదేదియు వ్రాయనని మల్లినాథసూరి పూనిన నియమము ఇచ్చటను వర్తించును.

ఇక క్వెస్టులకును బాటులకును గల సంబంధమును చెప్పవలెను. 'స్కైరిమ్'లో గొన్ని కార్యములు కర్త కూర్చినవి గావు. దొంగల సంఘమున డెల్విన్, వెక్స్ అనువా రప్పగించు చిల్లరపనులలో ఏ యూరు, ఏ యిల్లు అను విషయమును యంత్రమే యెంచును. అవి తరుగవు. ఇక 2014లో 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' వెలువడిన తొలిరోజులలో, మనుష్యుడు లేకయే ఆడు 'బాటు'లనబడు యంత్రపాత్రలు గుంపులుగా గుహలలో నిలిచి, ప్రధానశత్రువు కనబడిన క్షణముననే చంపి ధనమును మూటగట్టెను. ఆ ధనము నిజమైన డబ్బునకు అమ్ముడుపోయెను. కథకొఱకు వచ్చినవారికి చంపుటకు శత్రువే మిగులలేదు. అభిమానులు దీనిని న్యాయవిషయముగా, వ్యాపారవిషయముగా చర్చించిరి. అది సాహిత్యవిషయము గూడ. మొదటిది కర్త లేని కార్యము. రెండవది అనుభోక్త లేని కార్యము. ఆ రెండు చోట్లను క్రియ జరుగును, కథ జరుగదు. ఆ క్రియనుగూర్చి ఏ అభిమానియు వ్యాఖ్యానము వ్రాయడు. నెరెవార్ మరణమునుగూర్చి వ్రాయుచునే యున్నాడు. అర్థము నడుగువాడొకడున్నప్పుడే క్వెస్టు కథయగునని దీనివలన తేలుచున్నది.

కావున మేము చెప్పదలచినది సంగ్రహముగ నిది. విరోధము కనబడినప్పుడు సాక్షులను తూచుట, పత్రమును పూర్తిగా చదువుట, కల్పనలను తగ్గించుట అను మూడు పనులు చేయు అభిమాని, తా నెఱిగినను ఎఱుగకున్నను, పరిష్కర్త చేయు పనినే చేయుచున్నాడు. అన్నియు నిజమేయని ఊరకుండువాడు ఉదారునివలె కనబడునుగాని, పాఠమున కతడు చేయు ఉపకార మేదియు లేదు. తాళపత్రప్రతుల ముందు గూర్చుండు మన విద్యార్థులకును ఈ రెండవ ప్రలోభము తఱచుగ కలుగుచుండును. పాఠభేదములన్నిటిని అడుగున వరుసగా నిచ్చి నిర్ణయమును పాఠకునికి విడిచిపెట్టుట వినయమని వారు భావింతురు. నిర్ణయింపదగిన చోట నిర్ణయించి, కారణమును చెప్పుటయే పరిష్కర్త ధర్మము.