కారం నేలలో ఫ్రెంచి కూడిక

మా గుంటూరులో ఫ్రెంచి అనగానే ఇంటర్మీడియెట్ గుర్తొస్తుంది. సంస్కృతం వద్దనుకున్నవాళ్లు ఫ్రెంచి పుచ్చుకుంటారు, మార్కులు బాగా పడతాయని. రెండేళ్లు చదివి నూటికి దగ్గరగా తెచ్చుకున్న కుర్రాణ్ణి “ఏదీ, ఓ రెండు ముక్కలు మాట్లాడు నాయనా” అని అడిగితే నవ్వేసి ఫోన్‌లో తల దూరుస్తాడు. వాడి తప్పేం లేదు. ఆ భాషలో “బాగున్నావా” అని పలకరించే మనిషి వాడికి ఒక్కడూ తగల్లేదు.

నాకొచ్చిన కాస్త ఫ్రెంచీ హైదరాబాదులో ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో, అలియాన్స్ ఫ్రాన్సేజ్ సాయంత్రాల్లో అబ్బింది. 1883లో పారిస్‌లో పుట్టిన సంస్థ అది. తరగతుల్లో వల్లెవేయించిన క్రియారూపాలు ఎప్పుడో ఆవిరైపోయాయి. సినిమా చూశాక కుర్చీలు గుండ్రంగా లాక్కుని, తప్పో ఒప్పో నోరు విప్పిన సాయంత్రాలు మాత్రం మిగిలాయి. అక్కడ పెద్ద ఉద్యోగీ, డిగ్రీ పిల్లా ఒకే రకంగా తడబడతారు. ఆ తడబాటులో హోదా ఎవరికీ అక్కరకు రాదు. డాబు లేదని మాత్రం అనను. జున్ను ముక్క కొరికి పారిస్ కబుర్లు దంచేవాళ్లు అక్కడా ఉన్నారు.

ఫ్రెంచివాళ్ల కూడికలకు పండగలూ తోడు. ఏటా జూన్ 21న సంగీతోత్సవం. 1982లో ఫ్రాన్సు సాంస్కృతిక శాఖ మొదలుపెట్టింది. పాడగలిగినవాడు ఎవడైనా వీధిలోకొచ్చి పాడొచ్చు, టిక్కెట్టు లేదు. జూలై 14 జాతీయ దినం. అందులో ఉపన్యాసాల పాలు ఎక్కువ కాబట్టి నాకు అంత రుచించదు. నాకు నచ్చిందల్లా జనవరిలో వచ్చే గాలెట్. పొరలు పొరలుగా కాల్చిన పెద్ద గుండ్రటి రొట్టె అది, మధ్యలో బాదం ముద్ద. లోపల ఎక్కడో ఒక చిక్కుడు గింజనో, చిన్న పింగాణి బొమ్మనో దాస్తారు. గుంపులో అందరికన్నా చిన్నవాణ్ణి బల్ల కిందికి దూరమంటారు. పైన ముక్క కోసినప్పుడల్లా అది ఎవరికో వాడు కింద నుంచి పేరు చెబుతాడు. పక్షపాతం అనే మాటే ఉండదు. గింజ ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు కాగితం కిరీటం పెడతారు. చాలాచోట్ల తర్వాతి గాలెట్ తెచ్చే పూచీ కూడా ఆ కిరీటంతోనే వస్తుంది. మన చీటీపాట లాంటిదే అనుకోండి, పాడుకున్నవాడు మళ్లీ రాక తప్పదు. కూడికను నిలబెట్టే కిటుకంతా అక్కడే ఉంది. వచ్చేసారి రావడానికి ఒకరికైనా పని అప్పజెప్పాలి.

నిజానికి ఫ్రెంచివాళ్లు మనకు కొత్త కాదు. 1752లో కొండవీటి నుంచి వాళ్ల మకాం గుంటూరుకు మారింది. తర్వాత నిజాం సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో గుంటూరు సర్కారు ఉన్నప్పుడు, ఆయన కొలువులో ఫ్రెంచి పటాలం ఉండేది. ఇంగ్లీషువాళ్ల కంట్లో అది నలుసయింది. 1788లో సర్కారు వాళ్ల పరమయ్యాక ఆ కథ ముగిసింది. ఫిరంగులు మోసుకొచ్చిన భాష ఈ ఊళ్లో ఒక్క పాట కూడా మిగల్చలేదు.

మా ప్రాంతంవాళ్లు ఫ్రాన్సులో ముందుగా చూడాల్సిన ఊరు ఏదంటే నేను పారిస్ పేరు చెప్పను. ఎస్పలెట్ చెబుతాను. స్పెయిన్ సరిహద్దు దగ్గర, బాస్క్ సీమలో చిన్న పల్లె. అక్కడ మిరపే దేవత. కోతల కాలంలో తెల్లటి ఇంటి గోడల నిండా ఎర్రటి మిరప దండలు వేలాడతాయి. చుట్టుపక్కల పది ఊళ్లలో పండినదానికే ఆ పేరు చెల్లేలా 2000లో చట్టబద్ధమైన రక్షణ తెచ్చుకున్నారు. ఆ కారం ఘాటు స్కోవిల్ లెక్కలో 4,000 దాటదు. మన గుంటూరు సన్నం 35,000 పైమాటే. మా ఇంట్లోనైతే ఎస్పలెట్ కారాన్ని పసిపిల్లల కారం అంటారు.

కానీ అక్టోబరు చివరి శని ఆదివారాల్లో ఆ ఊరు చేసే సంబరం చూడాలి. మిరపకాయ పేరుతో అక్కడ ఒక సంఘం ఉంది. సభ్యులు ప్రత్యేకమైన అంగీలు తొడుక్కుని ఊరేగింపుగా చర్చికి వెళతారు, పంటకు దీవెనలు అందుకుంటారు, కొత్తవాళ్లను సంఘంలో చేర్చుకుంటారు. పాటలు, భోజనాలు, జనం.

మన సన్నానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మిర్చి యార్డు మనది. సీజన్‌లో అక్కడ చేరేంత జనం తిరణాళ్లలో కూడా చేరరు. అయితే టిక్కీ, అంటే మిర్చి బస్తా, కాటా ఎక్కి, పట్టీ చేతికి రాగానే ఎవరి దారి వారిది. కల్లంలో కాయ ఎండబెట్టినవాడూ, కమీషన్ ఏజెంటూ, గుమస్తా, ముఠా కూలీ ఒక్క పూట కలిసి కూర్చుని పాట విన్న దాఖలా నాకు కనబడలేదు. ఇక పట్నాల్లో క్లబ్బులంటారా, సభ్యత్వం ఖరీదు చూసి హడలిపోవడమే. లోపల పేకముక్కల చప్పుడు తప్ప మాట వినబడదు.

కూడిక మనకు చేతకాని విద్యేం కాదు. వేటపాలెం కుర్రాళ్లు 1918లో సంఘంగా చేరి పెట్టిన గ్రంథాలయమే సారస్వత నికేతనం. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ చెబితే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. అదే బుర్రకథ మీద పరిశోధన చేసి, పారిస్‌లో తెలుగు పాఠాలు చెప్పిన డానియల్ నెజర్స్ ఫ్రెంచాయనే. ఆయన మన కథ కోసం అంత దూరం వచ్చాడు. మనం వాళ్ల పాట కోసం పక్క వీధి దాకా నడవలేమా?

ఎండాకాలంలో యార్డుకు సెలవులిచ్చే రోజులు ఇందుకు అనువైనవి. ఒక గ్రంథాలయం హాలు, పది కుర్చీలు, ఒక ఫ్రెంచి సినిమా చాలు. తినడానికి మిరపకాయ బజ్జీలున్నా ఎవరూ కాదనరు. గుంటూరులోనో, ఒంగోలులోనో, చీరాలలోనో అలాంటి సాయంత్రం మొదలుపెట్టే ఉత్సాహం ఉన్నవాళ్లు ఈ కాలమ్‌కు ఉత్తరం రాయండి. ఫ్రెంచి వచ్చి ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఇంటర్‌లో మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని మాత్రం తప్పకుండా వెంటబెట్టుకు రండి.