తెల్ల కాగితమే వెలుతురు

నారాయణఖేడ్ ప్రాంతాన్ని ఒరుసుకుంటూ పోయే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లు భద్రాచలం దాటి, పాపికొండల ఇరుకులోంచి రాజమండ్రి చేరతాయి. ఆ దారి పొడుగునా కవులకు కొదవలేదు. నదినీ కొండనీ బొమ్మకు వెనక తెరలా కాక, అదే బొమ్మ అన్నట్టు గీసినవాణ్ణి మాత్రం రాజమండ్రిలో వెతుక్కోవాలి. ఆయన దామెర్ల రామారావు.

1897లో పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చేతిని గుర్తుపట్టి, 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. శిష్యులను ఆరుబయటకు తీసుకెళ్లి గీయించేవారు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. ఇంగ్లండులో టర్నర్ వంటి కాల్పనిక చిత్రకారులు పొగమంచునూ వాననూ ఎండనూ మనిషి మనోభావాలతో ముడిపెట్టి నీటిరంగుల్లో చూపించారు. ఆ వారసత్వం కూల్డ్రే చేతుల మీదుగా గోదావరి గట్టుకు చేరిందంటే అతిశయోక్తి కాదు. మన భావకవులు కొండనూ వాగునూ పలకరించిన కాలం కూడా అదే.

ఇక నీటిరంగుల పనితనం. తైలవర్ణాల్లో వెలుగు కావాలంటే చివర్లో తెల్లరంగు అద్దవచ్చు. పారదర్శకమైన నీటిరంగులో ఆ వెసులుబాటు లేదు. అక్కడ కాగితం తెలుపే వెలుగు, దాన్ని మొదటి నుంచీ కాపాడుకోవాలి. ముందు కాగితాన్ని తడిపి, పలక మీద అంచులు అంటించి ఆరనిస్తారు. అది డప్పు చర్మంలా బిగుసుకుంటుంది, తర్వాత ఎంత తడిపినా ముడతలు పడదు. పలకను కొంచెం వాలుగా పెట్టి, పెద్ద కుంచెతో ఆకాశాన్ని పైనుంచి కిందికి దించుతారు. కుంచె కింద రంగునీళ్లు ఒక వరుసగా నిలుస్తాయి. ఆ వరుసను ఆరనివ్వకుండా కిందికి లాక్కురావాలి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది, అది ఇక పోదు. తడి పూర్తిగా ఆరకముందే దూరపు కొండను పలచని నీలంతో తాకితే అంచులు ఆకాశంలో కరిగిపోతాయి. అది ఆరాక రెండో వరుస కొండ, కాస్త చిక్కగా. దగ్గరి గట్టు వచ్చేసరికి ఆకుపచ్చా మట్టిరంగూ కలుస్తాయి. నీటి మీద ఎండ తళుకు కోసం కుంచెలో తడి పిండేసి గరుకు కాగితం మీద చరచర లాగుతారు. గుంటల్లో రంగు పడదు, ఆ తెల్లచుక్కలే తళుకులు. మన ఏప్రిల్ ఎండలో కాగితం కుంచె కంటే ముందే ఆరిపోతుంది కాబట్టి, ఇది తెల్లవారుజామున చేయాల్సిన పని.

బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ చిత్రకారుల నుంచి ఇంకో పద్ధతి తీసుకున్నారు. రంగు వేసి ఆరాక బొమ్మనంతా నీళ్లలో ముంచడం, మళ్లీ వేయడం, మళ్లీ ముంచడం. దాంతో బొమ్మంతా ఒక మసక కమ్ముకుంటుంది. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ మన వాళ్లకు నేర్పింది ఈ దారే. రామారావు ఆ మసకలో మునిగిపోలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణాన్నీ గట్టి గీతనూ వదులుకోకుండా, ఆంధ్రులకంటూ ఒక శైలి కావాలన్నారు. ఆయన పేరు చెప్పగానే ‘పుష్పాలంకారం’, ‘సిద్ధార్థ రాగోదయం’ గుర్తొస్తాయి. నా మట్టుకు నాకు ఆ స్త్రీమూర్తుల కంటే తూర్పు కనుమల మధ్య గోదావరే గొప్ప. మూర్తుల్లో అక్కడక్కడా కొలతకు కట్టుబడిన బిగువు కనిపిస్తుంది, నది దగ్గర ఆ చెయ్యి వదులవుతుంది.

1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆయన చిత్రశాలను కంటికి రెప్పలా చూసుకున్నారు. రామారావు బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. అచ్చులో ఆ పలచని నీలాలు సగం చచ్చిపోతాయి, వెళ్లి చూడాల్సిందే.

మా వైపు బడుల్లో సీనరీ గీయమంటే పిల్లలు రెండు త్రికోణాల కొండలు, మధ్యన సూర్యుడు, ఒక గుడిసె, పక్కన వంగిన కొబ్బరిచెట్టు వేస్తారు. నారాయణఖేడ్ చేలల్లో కంది ఉంది, జొన్న ఉంది, గట్ల మీద తుమ్మ ఉంది, వేసవి ముందు మోదుగు పూస్తుంది. పేజీలో ఇవేవీ ఉండవు. డ్రాయింగ్ సార్లకు ఒక మనవి: ఒక్క పొద్దున పిల్లలను మంజీర ఒడ్డుకు తీసుకెళ్లండి. ఒక మామూలు రంగుల డబ్బా చాలు. కొబ్బరిచెట్టు మాత్రం వేయనివ్వకండి.