కాగు అడుగున వదలాల్సింది

గంటసేపు తెర్లిన బీరు కాగులో రెండు రకాల మడ్డి ఉంటుంది. ఒకటి హాప్స్ పిప్పి, అంటే చేదు కోసం, వాసన కోసం వేసిన పువ్వుల తుక్కు. రెండోది ప్రొటీన్. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తియ్యటి రసాన్ని వర్ట్ అంటారు. దాన్ని మరిగిస్తే అందులోని ప్రొటీన్లు బార్లీ పొట్టులో, హాప్స్‌లో ఉండే వగరు పదార్థాలతో కలిసి ముద్దలు కడతాయి. ఆ తర్వాత గబగబా చల్లారిస్తే మరో విడత, ఈసారి ఇంకా సన్నటి నలకలు విడివడతాయి. దించడానికి పది పదిహేను నిమిషాల ముందు ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచును చిటికెడు వేస్తే ఈ నలకలన్నీ ఒకదానికొకటి అతుక్కుని త్వరగా అడుగు చేరతాయి. నాచులోని కారజీనన్ అనే జిగురు పదార్థానికి రుణావేశం ఉంటుంది, ప్రొటీన్లకు ధనావేశం. అంతే కిటుకు.

ఈ మడ్డిని కాగులోనే ఆపి, తేటను మాత్రం పులియబెట్టే పాత్రలోకి దించడం ఎలా అన్నది బీరు కాచేవాళ్లకు పాత సమస్య. ఇంగ్లండ్ బ్రూవరీలు దీనికి హాప్స్‌నే వాడుకున్నాయి. కాగు కింద హాప్ బ్యాక్ అని మరో తొట్టి, దాని అడుగున సన్నటి చీలికలున్న పళ్లెం. మరిగిన వర్ట్‌ను పువ్వులతో సహా అందులోకి వదిలితే పువ్వులు పళ్లెం మీద మెత్తగా పేరుకుంటాయి. ఆ పరుపు గుండా వర్ట్ దిగుతుంటే ప్రొటీన్ ముద్దలు అక్కడే చిక్కుకుంటాయి. చెత్తే చెత్తను వడకట్టే ఈ పద్ధతి కన్నా పొదుపైన ఆలోచన బీరు తయారీలో మరొకటి నాకు కనబడదు.

కానీ అది నిండు పువ్వులతోనే సాగుతుంది. హాప్స్‌ను పొడి కొట్టి గుళికలుగా ఒత్తి అమ్మడం మొదలయ్యాక ఆ పరుపు పేరుకోవడం మానేసింది. వేడి వర్ట్‌లో పడగానే గుళిక విడిపోయి ఆకుపచ్చ బురదవుతుంది. జల్లెడ పెడితే నిమిషంలో కంతలు పూడిపోతాయి.

దీనికి పనికొచ్చిన పద్ధతి కెనడాలో పుట్టింది. 1960లో మోల్సన్ బ్రూవరీలో పనిచేస్తున్న హెన్రీ రానల్ఫ్ హడ్‌స్టన్, వర్ట్‌ను గుండ్రటి తొట్టిలోకి గోడ వెంబడి ఏటవాలుగా చిమ్మి సుడి తిరిగేలా చేశాడు. సుడి నెమ్మదించేసరికి మడ్డి తొట్టి నడుమ కుప్పగా చేరింది. నిజానికి తిరిగే నీటిలో బరువైన నలకలు అంచుకు పోతాయనిపిస్తుంది కదా. టీ కప్పులో చెంచా తిప్పి వదిలితే ఆకు నడుమకే ఎందుకు చేరుతుందో ఐన్‌స్టీన్ 1926లో, నదులు వంకర్లు తిరగడం గురించిన వ్యాసంలో వివరించాడు. తిరిగే ద్రవం అంచుల దగ్గర ఒత్తిడి ఎక్కువ. పైన ద్రవం వేగంగా తిరుగుతుంది గనుక ఆ ఒత్తిడికి తట్టుకుంటుంది. అడుగున మాత్రం రాపిడి వల్ల వేగం తగ్గి, నలకలతో సహా నడుమకు జారుతుంది. టీ ఆకుకు, నదిలో ఇసుకకు, బీరు మడ్డికి ఒకటే లెక్క.

ఇక ఇళ్ల సంగతికొస్తే, అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం అప్పటికింకా నేరమే. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంటి వైన్‌కు అనుమతి దొరికింది గాని బీరుకు దొరకలేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాక ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏటా 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, కాచుకునే వీలు కలిగింది. (మన రెండు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసే.) అమెరికా గ్యారేజీల్లో హడ్‌స్టన్ తొట్టి పని పొడుగాటి గరిటె చేస్తుంది. మంట కట్టేసి, అంచు వెంబడి ఒకే వైపుకు నిమిషం రెండు నిమిషాలు గట్టిగా తిప్పి, మూతపెట్టి పావుగంట వదిలేస్తారు. చల్లార్చే రాగి చుట్ట కాగులో ఉంటే సుడి నిలవదు, ముందే తీసేయాలి. వర్ట్ పొగలు కక్కుతుండగా తిప్పితే మరో చిక్కు: 80 డిగ్రీలు దాటి ఉన్నంతసేపూ హాప్స్ చేదు దిగుతూనే ఉంటుంది. అందుకే నా ఓటు ముందు చల్లార్చి, చుట్ట తీసి, ఆ తర్వాత తిప్పే పద్ధతికి. దానివల్ల రెండో విడత నలకలు కూడా కుప్పలో చేరతాయి.

ఇక దించడం. అడుగు కదపకుండా చారు మీది తేట వంచుకున్నంత ఓపిక కావాలి. పైపు మూతి నడుమ కుప్పకు దూరంగా, గోడ పక్కన ఉండాలి. ధార సన్నగా ఉండాలి, జోరు పెంచితే కుప్ప కరిగి వెంట వచ్చేస్తుంది. చివరి ఒకటి రెండు లీటర్ల మీద ఆశ వదులుకోవాలి. తెలివైనవాళ్లు ఆ నష్టం ముందే లెక్కేసుకుని, 19 లీటర్లు కావాలంటే 21 కాస్తారు.

ఇంత ఓపిక లేనివాళ్లకు హాప్ స్పైడర్ ఉంది: కాగు అంచుకు వేలాడే సన్నకంతల స్టీలు బుట్ట. హాప్స్ అందులోనే ఉడుకుతాయి. పని సుళువే గాని, మరుగుతున్న వర్ట్ బుట్టలోకి ధారాళంగా ఆడదు కాబట్టి కొంచెం ఎక్కువ హాప్స్ వేయాల్సి వస్తుంది. పైగా బుట్ట ఆపేది హాప్స్‌నే, ప్రొటీన్‌ను కాదు.

ఇంతకీ ఈ శ్రమ అంత అవసరమా? పెద్ద బ్రూవరీకి అవసరమే. వర్ట్‌ను పులియబెట్టి అడుగున దిగిన ఈస్ట్‌ను తీసి మళ్లీ మళ్లీ వాడుతుంది, అందులో పిప్పి కలిస్తే చిక్కు. పలకల మధ్య వర్ట్‌ను చల్లార్చే యంత్రాలు పూడిపోతాయి. ప్రతిసారీ కొత్త ప్యాకెట్ ఈస్ట్ చల్లే ఇంటి మనిషికి ఆ బాధలు లేవు. పైగా మడ్డిలోని కొవ్వు ఆమ్లాలు, జింక్ ఈస్ట్ ఎదుగుదలకు పనికొస్తాయి. గరిటెడు మడ్డి జారిపడితే బీరు పాడైపోదు. బీరు పులిసే రోజుల్లో ఆ మడ్డి ఈస్ట్‌తో పాటు అడుగున పడిపోతుంది. సీసాల్లో నింపేముందు రెండు రోజులు ఫ్రిజ్ చల్లదనంలో ఉంచితే ఇంకా గట్టిపడుతుంది. లేతరంగు లాగర్ బీరు చేసేటప్పుడు, ఈస్ట్ దాచుకునేటప్పుడు మాత్రం పట్టుదలగా ఉండాలి. హాప్స్ గుమ్మరించే ఐపీఏ రకం బీరులో పట్టుదలకు కారణం రుచికంటే స్థలం: బురద మూడు లీటర్లుంటే పాత్రలో బీరు మూడు లీటర్లు తగ్గుతుంది.

కాగులో మిగిలిన మడ్డి ఎరువు గుంటకు మంచిదే. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం అది చేరలేని చోట పారబోయాలి. హాప్స్ తిన్న కుక్కలకు ఒళ్లు విపరీతంగా కాగిపోతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది.