ఏడేళ్ళ చేతిలో గిటార్

శనివారం పొద్దున సిడ్నీలోని వెస్ట్‌మీడ్ స్టేషన్లో నిలబడితే వీపున పెద్ద సంచీ తగిలించుకున్న పిల్లలు ఒకరిద్దరైనా కనిపిస్తారు. సంచీ పిల్లాణ్ణి మోస్తోందా, పిల్లాడు సంచీని మోస్తున్నాడా అన్న అనుమానం వస్తుంది. అంత పెద్ద సంచీ కనిపిస్తే ఆ తల్లిదండ్రులు మన తెలుగువాళ్ళేనని నాకు గట్టి నమ్మకం. యూనిఫాం కొన్నట్టే గిటార్ కూడా "ఇంకో రెండేళ్ళు వస్తుందిలే" అని పెద్దది కొనేసి ఉంటారు. ఇంకొకళ్ళని అనడం దేనికి, నేనూ అదే చేశాను. అప్పటికి మా అమ్మాయికి ఏడేళ్ళు.

నిండు సైజు గిటార్లో తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ఒకటో మెట్టు దగ్గర చూపుడు వేలు, నాలుగో మెట్టు దగ్గర చిటికెన వేలు పెట్టాలంటే మధ్యలో దాదాపు 10 సెంటీమీటర్లు చాచాలి. ఏడేళ్ళ చేతికి అది వ్యాయామం, సంగీతం కాదు. పిల్లల కోసం "సగం సైజు" అని ఒకటి దొరుకుతుంది. పేరుకే సగం. దాని తీగ సుమారు 53 సెంటీమీటర్లుంటుంది, అదే చాపు 8 సెంటీమీటర్లకు దిగుతుంది. ఆ రెండు సెంటీమీటర్ల కోసం మా ఇంట్లో మూడు నెలలు ఏడుపులు నడిచాయి. చివరికి వెళ్ళి చిన్నది తెచ్చాం.

వేలు ఎక్కడ నొక్కాలన్నది మొదటి పాఠం. రెండు మెట్ల మధ్య నట్టనడుమ నొక్కితే తీగ జరజరమంటుంది, పిల్లలు ఇంకా బలంగా నొక్కుతారు. బలం అక్కర్లేదు. మెట్టుకు ఆనీ ఆనకుండా, దాని వెనకే వేలికొన పెడితే సగం బలంతో నాదం శుభ్రంగా పలుకుతుంది. మొదట్లో వేలికొనల మీద తీగల గీతలు పడి ఎర్రబడతాయి, కొన్ని వారాలకు కాయలు కాస్తాయి. మా అమ్మాయి ఆ కాయల్ని బళ్ళో అందరికీ తాకించి చూపించి వచ్చింది. మెడల్ వచ్చినా అంత తిరిగేది కాదు.

కుడిచేతి పని వేరు. లావుపాటి మూడు తీగలు బొటనవేలివి. సన్నపు మూడూ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళవి. స్పానిష్ పేర్ల మొదటి అక్షరాలతో వీటిని పి, ఐ, ఎం, ఏ అంటారు. ఒకే తీగ మీద స్వరాలు వరసగా వాయించేటప్పుడు చూపుడు వేలూ మధ్యవేలూ కాళ్ళు నడిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి. పాలకొల్లు పక్క ఊరి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మ సోఫాలో కూర్చుని ఇది చూసి, "ఇది వీణ మీటే కదే" అంది. నిజమే. వీణ మీద కూడా ఆ రెండు వేళ్ళే మారిమారి మీటుతాయి.

అక్కడితో ఆగలేదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని సరళీ వరసలు మొదలుపెట్టింది. ఆవిడకు గిటార్ తెలీదు, పాపకు మాయామాళవగౌళ తెలీదు. ఆవిడ పాడుతుంటే పాప ఒకే తీగ మీద వెతుక్కుంది. ఖాళీ తీగ స. ఒకటో మెట్టు రి, నాలుగు గ, అయిదు మ, ఏడు ప, ఎనిమిది ద, పదకొండు ని, పన్నెండు పై స. "అమ్మమ్మా, సున్నా ఒకటి నాలుగు అయిదు, మళ్ళీ ఏడు ఎనిమిది పదకొండు పన్నెండు. రెండుసార్లూ ఒకటే నడక!" అని అరిచింది. పూర్వాంగం, ఉత్తరాంగం అన్న మాటలు వినకుండానే ఆ రాగంలో రెండు సగాల పోలికను వేళ్ళతో కనిపెట్టింది. పిల్లలకు ఈ రాగంతోనే మొదలుపెట్టే పద్ధతి పురందరదాసుతో వచ్చిందంటారు. ఎందుకో నాకు ఆ పూట తెలిసింది. ఇంకో సంగతి, ఆ పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. స్కేలు పెట్టి కొలిచిన పాప నమ్మలేక మళ్ళీ కొలిచింది.

గమకం దగ్గర మాత్రం గిటార్ మొండికేస్తుంది. వీణ మీద తీగను పక్కకు లాగితే రెండు మూడు స్వరాలు ఒకే మెట్టు మీద పలుకుతాయి. మా గిటార్‌కున్న నైలాన్ తీగను పక్కకు లాగినా స్వరం అంతగా పెరగదు. వేలు ఎత్తకుండా మెట్టు నుంచి మెట్టుకు జారడమే దారి. జారు వరకు బాగానే వస్తుంది, కంపితం దగ్గర అమ్మ మొహం చిట్లించింది.

అలాంటి మొండి వాద్యాన్నే పాలకొల్లు కుర్రాడొకడు లొంగదీశాడు. 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆరేళ్ళకే మాండొలిన్ పట్టాడు. జంట తీగలు గమకానికి పనికిరావని ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు.

ఇక్కడి కథా దాదాపు ఇదే. సిడ్నీకి ఉత్తరాన హంటర్ లోయలోని మసల్‌బ్రూక్‌లో 1955లో పుట్టిన టామీ ఇమాన్యుయెల్‌కు నాలుగేళ్ళప్పుడు గిటార్ నేర్పింది వాళ్ళమ్మ. ఆవిడ ఒళ్ళో స్టీల్ గిటార్ పెట్టుకుని వాయిస్తుంటే పక్కన కోర్డ్‌లు పట్టడం ఆ పిల్లాడి పని. తర్వాత రేడియోలో అమెరికన్ గిటారిస్ట్ చెట్ ఆట్‌కిన్స్‌ను విని, బొటనవేలితో మంద్రం, మిగతా వేళ్ళతో పాట ఎలా నడుస్తున్నాయో చెవితోనే పట్టుకున్నాడు. ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేస్తున్న ఆయనకు ఈనాటికీ నొటేషన్ చదవడం రాదు.

మన వీధుల్లో మాత్రం మొదటి ప్రశ్న "ఏ గ్రేడు?" అనే. ఇక్కడ ఆస్ట్రేలియన్ మ్యూజిక్ ఎగ్జామినేషన్స్ బోర్డు (ఏఎంఈబీ) పరీక్షలున్నాయి, ఆ బోర్డు 1918 నాటిది. సిలబస్‌కు వంక పెట్టను, వేళ్ళకు క్రమశిక్షణ నేర్పుతుంది. కానీ మూడు పాటల్ని ఏడాదంతా అరగదీసి, నాలుగోది అడిగితే తెల్లమొహం వేసే పిల్లల్ని చాలామందిని చూశాను. పుట్టినరోజు పార్టీలో ఎవరో పాట అందుకుంటే వాళ్ళ శ్రుతి వెతికి పట్టుకోవడం ఏ గ్రేడుకూ తక్కువ విద్య కాదని నా అభిప్రాయం. తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే కేపో బిగించి మెట్టు మెట్టూ జరుపుతూ పాడేవాళ్ళ గొంతును అందుకునే ఆ అర నిమిషంలోనే చెవి తయారవుతుంది.

గిటార్ పార్టీలకే పరిమితం కాదు. వెస్ట్‌మీడ్ అంటే సిడ్నీ వాళ్ళకు ముందు ఆసుపత్రే గుర్తొస్తుంది. పిల్లల ఆసుపత్రి 1995లో కాంపర్‌డౌన్ నుంచి ఇక్కడికి వచ్చింది. అలాంటి చోట మంచం మీదున్న బిడ్డ దగ్గరికి పియానోను తీసుకెళ్ళలేం. ఫ్లూట్ ఊదేవాళ్ళు పాడలేరు. గిటార్ ఒళ్ళో ఒదుగుతుంది, గుసగుసగా కూడా పలుకుతుంది, వాయిస్తూనే బిడ్డ మొహం చూసి నవ్వొచ్చు. సంగీత చికిత్స చేసేవాళ్ళు దాన్ని అంతగా నమ్ముకోవడం ఊరికే కాదు.

చాలామంది పిల్లలు గిటార్ మూల పడేసేది ఎఫ్ కోర్డ్ దగ్గర. చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరచాలి, అదీ తీగ బిర్రుగా ఉండే మొదటి మెట్టులో. మా అమ్మాయి టీచర్ ఆ పట్టును ముందు అయిదో మెట్టు దగ్గర నేర్పి, వారానికో మెట్టు చొప్పున కిందికి దింపింది. అయిదో మెట్టు దగ్గర తీగ తేలిగ్గా లొంగుతుంది, మెట్లు కూడా దగ్గరగా ఉంటాయి. మీ పిల్లలు ఎఫ్ దగ్గర ఆగిపోతే ఇది చేసి చూడండి. కొనేటప్పుడు మాత్రం బిడ్డను దుకాణానికి తీసుకెళ్ళి, ఒళ్ళో పెట్టించి, చిటికెన వేలు నాలుగో మెట్టుకు అందుతోందో లేదో చూసి కొనండి.

మేం మొదట కొన్న నిండు సైజుది వృథా పోలేదు. ఇప్పుడు దాని మీద నేను నేర్చుకుంటున్నాను. ఎఫ్ దగ్గర ఆగాను.