తూకం దగ్గర బొటనవేలు

బేస్‌బాల్ గురించి రాయడానికి నీకున్న అర్హత ఏమిటమ్మా అని మీరడిగితే, ఏమీ లేదనే ఒప్పుకుంటాను. డెట్రాయిట్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఆర్నెల్లు వున్నాను. మనవడు టీవీ ముందు కూచున్నప్పుడల్లా నేనూ పక్కన చేరి చిక్కుడుకాయలకి ఈనెలు తీశాను. అంతే నా శిక్షణ. అయితే పాతికేళ్ళు అత్తగారి దగ్గర కాపరం చేసినదాన్ని కనక, తీర్పులు చెప్పేవాళ్ళ సంగతి మాత్రం నాకు కొంచెం తెలుసు.

ఆ ఆటలో నా కళ్ళని కట్టేసినవాడు బంతి విసిరే పిచ్చరూ కాదు, బ్యాటు పట్టిన వీరుడూ కాదు. క్యాచరు వెనకాల, ముఖానికి ఇనప జాలీ తగిలించుకుని, నడుం వంచి నిలబడే అంపైరు. మన క్రికెట్ అంపైరు ఎవరైనా గొంతు చించుకుని అడిగితేగాని వేలెత్తడు. పాపం, ఈయనకి ఆ సుఖం లేదు. బ్యాటరు కొట్టకుండా వదిలేసిన ప్రతి బంతికీ అప్పటికప్పుడు తీర్పు చెప్పి తీరాలి. పదిహేడు అంగుళాల వెడల్పున్న పలక ఒకటి నేలలో వుంటుంది. దాన్ని హోమ్ ప్లేటు అంటారు. దాని మీదుగా, బ్యాటరు మోకాళ్ళకీ ఛాతీకీ మధ్యనించి బంతి వెళితే స్ట్రైకు. వెళ్ళకపోతే దానికి 'బాల్' అని పేరు. మూడు స్ట్రైకులయితే బ్యాటరు ఇంటికి, నాలుగు బాల్స్ అయితే కొట్టకుండానే మొదటి బేసుకి! అరవై అడుగుల ఆరంగుళాల దూరంనించి, గంటకి తొంభై అయిదు మైళ్ళ వేగంతో వచ్చే బంతికి అర సెకను కూడా పట్టదు. ఆ రెప్పపాటులో అంగుళం ఇటా అటా అని చెప్పాలి. ఇన్ని కష్టాల మధ్య కూడా ఈ అంపైర్లు నూటికి తొంభై మూడూ తొంభై నాలుగూ సరిగ్గానే చెబుతారట. వంటింట్లో నా లెక్క అంత వుండదు.

మిగిలిన ఆ ఆరేడు మాటేమిటన్నదే ఇప్పటి గొడవ. మైదానం చుట్టూ కెమెరాలు పెట్టి బంతి ఎక్కడనించి వెళ్ళిందో యంత్రమే చెప్పగలుగుతున్నప్పుడు, ఇంకా మనిషెందుకని ఒక వర్గం. మనిషిని తీసేస్తే ఆటలో ప్రాణం పోతుందని రెండో వర్గం. మా ఇంట్లో మనవడు మొదటి వర్గం, అల్లుడు రెండో వర్గం. "పొరపాట్లు కూడా ఆటలో భాగమే అత్తయ్యగారూ, అందులోనే అందం వుంది" అంటాడాయన. ఆ దేశపు పెద్దపెద్ద రచయితలు కూడా ఈ మాటే అందంగా రాశారు. వినడానికి ఎంతో హాయిగా వుంటుంది. అందుకే దాన్ని కాస్త తిరగేసి చూడాలనిపించింది.

మా చిన్నప్పుడు వీధిలోకి వచ్చే కూరగాయలమ్మి తక్కెడతో తూచేది. తూచాక నాలుగు పచ్చిమిరపకాయలూ, ఓ కరివేపాకు రెమ్మా కొసరు వేసేది. ఇప్పుడు అన్నిచోట్లా ఎలక్ట్రానిక్ కాటాలు. గ్రాములతో సహా లెక్క. కొసరు పోయింది, ఆ రోజులే వేరని మనం నిట్టూరుస్తాం. కాని మన మధ్య మాట, నిజం చెప్పుకుందాం. కొసరు వేసిన చేతి బొటనవేలే తూచేటప్పుడు పళ్ళెం అంచున వాలేది. కొసరు కనపడేలా వేసేవాళ్ళు, వేలు కనపడకుండా వేసేవాళ్ళు. పైగా ఆ వేలు అందరికీ ఒకేలా పడేది కాదు. బేరం తెలిసిన అత్తగారికి ఒక తూకం, కొత్తగా కాపరానికొచ్చిన కోడలికి ఒక తూకం.

బేస్‌బాల్‌లోనూ ఆ వేలు వుంది. క్యాచరు బంతిని పట్టుకుంటూ పట్టుకుంటూనే చేతిని మెల్లిగా లోపలికి జరిపి, పక్కకి పోయిన బంతిని కూడా స్ట్రైకులా కనిపించేట్టు చేస్తాడు. దీనికి ఫ్రేమింగ్ అని పేరు. అదొక విద్య, దాన్నిబట్టే జీతాలు కూడా పెరుగుతాయి. ఇక పేరుమోసిన పిచ్చరు విసిరితే స్ట్రైకు అంచులు విశాలమవుతాయనీ, నిన్నమొన్న వచ్చిన కుర్రాడికి ఇరుకవుతాయనీ అక్కడ ఎప్పటినించో అనుకునే మాట.

మనిషి పక్షం వహించేవాళ్ళు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగింది. అర్మాండో గలరాగా అనే ఇరవై ఎనిమిదేళ్ళ వెనిజులా కుర్రాడు క్లీవ్‌లాండ్ జట్టు మీద వరసగా ఇరవై ఆరుగురిని ఒక్కణ్ణీ బేసు తొక్కనివ్వకుండా పంపించేశాడు. ఇంకొక్కణ్ణి పంపిస్తే అది 'పర్‌ఫెక్ట్ గేమ్'. నూట ముప్ఫై ఏళ్ళు దాటిన పెద్ద లీగుల చరిత్రలో అప్పటికి ఇరవైసార్లే జరిగిన అద్భుతం. ఇరవై ఏడోవాడు కొట్టాడు, బంతి గలరాగా చేతికి అందింది, అతను మొదటి బేసు తొక్కాడు. పరుగెత్తేవాడు అవుటు. చూసినవాళ్ళందరికీ అవుటే. అంపైరు జిమ్ జాయిస్ మాత్రం రెండు చేతులూ చాపి 'సేఫ్' అన్నాడు.

ఆ కుర్రాడు అరవలేదు, తిట్టలేదు. చిన్నగా నవ్వి, వెనక్కి నడిచి, ఇంకో బ్యాటరుని అవుట్ చేసి ఆట ముగించాడు. ఇరవై ఏళ్ళకు పైగా అనుభవమున్న జాయిస్ ఆట అయ్యాక వీడియో చూసుకుని కంటతడి పెట్టుకున్నాడు. ఆ కుర్రాడి పర్‌ఫెక్ట్ గేమ్ నేనే పోగొట్టానని అందరి ముందూ ఒప్పుకుని, అతన్ని పిలిపించుకుని క్షమాపణ చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం అదే మైదానంలో జాయిస్ మళ్ళీ అంపైరుగా నిలబడితే, జట్టు జాబితా కాగితం ఆయన చేతికిచ్చింది గలరాగాయే. ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకోవడం దేశమంతా చూసింది. మరుసటి ఏడాది ఇద్దరి కథా కలిపి 'నోబడీస్ పర్ఫెక్ట్' అనే పుస్తకం కూడా వచ్చింది.

నేనూ ఆ వీడియో చూసి కొంగుతో కళ్ళొత్తుకున్నాను. మా అల్లుడు "చూశారా అత్తయ్యగారూ, యంత్రం వుంటే ఈ కథ వుండేదా?" అన్నాడు గెలిచినట్టు. ఆ మాటకి రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. మూడోరోజు మనవడు ఇంకో సంగతి చెప్పాడు. పదేళ్ళ తరవాత, 2020లో, ఆ గలరాగాయే తన ఆటని పర్‌ఫెక్ట్ గేమ్‌గా గుర్తించమని అడిగాడట. గుర్తించలేదు. అప్పట్లో లీగు కమిషనరు కూడా తీర్పు మార్చలేదు.

క్షమించినవాడు మరిచిపోలేదన్నమాట. ఎందుకు మరిచిపోవాలి? కథ మనకి మిగిలింది, కన్నీళ్ళు మనకి మిగిలాయి, పుణ్యం జాయిస్‌కి దక్కింది. రికార్డు పోయింది మాత్రం అతనికి. పొరపాటులో అందం వుందనేవాళ్ళు, ఆ అందానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో చూడరు. కోడలి సహనం చూసి ముచ్చటపడే పేరంటాళ్ళలాంటి వాళ్ళు.

నేను కాపరానికొచ్చిన కొత్తల్లో ఇంట్లో వెండి గిన్నె ఒకటి కనపడకుండా పోయింది. పుట్టింటికి పంపేశానని తీర్పు వచ్చింది. ఆరు నెలల తరవాత పాత ఇత్తడి బిందెలో దొరికింది. మా అత్తగారు దాన్ని తోమించి లోపల పెట్టారే తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. తీర్పు తప్పయినందుకు నాకంత బాధ లేదు. మనిషన్నాక పొరపడతారు. తప్పని తేలాక కూడా తీర్పు అలాగే వుండిపోయిందే, అదీ బాధ. జాయిస్ మా అత్తగారిలా కాదు, ఆ రాత్రే తప్పు ఒప్పుకున్నాడు. కాని ఆ రోజుల్లో వీడియో చూసి తీర్పు దిద్దే వీలు హోమ్ రన్లకే వుండేది. బేసు దగ్గర తీర్పుల్లాంటివాటికి కూడా వీడియో పరిశీలన 2014లో వచ్చింది. అంటే మనసు మారింది, నియమం మారనివ్వలేదు.

ఇంకో కథ చెబుతాను. ఇది మనిషి పక్షంవాళ్ళు చెప్పరు. బెర్నిస్ గెరా అనే న్యూయార్క్ గృహిణి అంపైరు కావాలని 1967లో అంపైర్ల బడిలో చదువుకుంది. ఆడదానివని ఉద్యోగం ఇవ్వకపోతే ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచింది. 1972 జూన్ 24న, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా ఊళ్ళో, చిన్న లీగు ఆటలో మైదానంలో దిగింది. వృత్తి బేస్‌బాల్‌లో మొదటి మహిళా అంపైరు. ఆ ఆటలో రెండో బేసు దగ్గర ఒకణ్ణి ముందు 'సేఫ్' అంది. వెంటనే తన పొరపాటు తెలుసుకుని 'అవుట్' అని దిద్దుకుంది. జట్టు మేనేజరు మీదికొచ్చాడు. నువ్వు వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీసుకుంటూ వుండాల్సిందన్నాడట. ఆమె అతన్ని మైదానం బయటికి పంపించింది. ఆ ఒక్క ఆట కాగానే తానూ వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. తోటి అంపైర్లెవరూ సహకరించలేదని తరవాత చెప్పుకుంది.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. జాయిస్ తప్పు చేసి ఆట అయ్యాక ఒప్పుకున్నాడు, మహానుభావుడన్నారు. నిజంగానే మంచివాడు, నేను కాదనను. గెరా తప్పు చేసి అక్కడికక్కడే దిద్దుకుంది, బంగాళాదుంపలు గుర్తుచేశారు. మగవాడు పొరపడితే 'మనిషి కదా' అన్నారు, ఆడది పొరపడితే 'ఆడది కదా' అన్నారు. పొరపాటుని క్షమించే తక్కెడలో కూడా బొటనవేలుంది! అందుకే 'పొరపాట్లు ఆటలో భాగం' అని ఎవరన్నా అంటే, ఎవరి పొరపాట్లు నాయనా అని అడగాలనిపిస్తుంది.

గెరా తరవాత యాభై మూడేళ్ళు పట్టింది. 2025 ఆగస్టు 9న అట్లాంటాలో జెన్ పావోల్ అనే ఆమె పెద్ద లీగుల్లో అంపైరుగా నిలబడిన మొదటి మహిళ అయింది. మర్నాడు హోమ్ ప్లేటు వెనకాల నుంచుని బంతులకి తీర్పు చెప్పింది. పూర్వం బడిలో డ్రాయింగు టీచరట! చిన్న లీగుల్లో పదేళ్ళదాకా తిరిగి తిరిగి అక్కడికి చేరింది. మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలిలో మొదటి మహిళా మ్యాచ్ రిఫరీ అయినప్పుడు మనం ఎంత సంబరపడ్డామో, ఇది విన్నప్పుడూ నాకంత సంబరం కలిగింది.

మరయితే నేను మనవడి వర్గమేనా, మనిషిని పూర్తిగా తీసేయమంటానా? అదీ కాదు. 2019లో అట్లాంటిక్ లీగు అనే చిన్న లీగులో ఒక పద్ధతి పెట్టారు. యంత్రం చెవిలో చెబితే అంపైరు దాన్ని పైకి అరవాలి. అంటే అంపైరు మైకు అయిపోయాడు. ఇన్నేళ్ళకి ఒక స్త్రీ ఆ జాలీ ముఖానికి కట్టుకునేసరికి, ఆ జాలీ వెనక చెప్పడానికి మాటే లేకుండా పోతే ఏం న్యాయం?

పైగా యంత్రానికి గీత గీసేది మనిషే. బ్యాటరు పొడుగులో నూటికి యాభై మూడున్నర వంతుల దగ్గర పై అంచు, ఇరవై ఏడు వంతుల దగ్గర కింది అంచు అని కమిటీవాళ్ళు కూచుని తేల్చారు. పరీక్షలు చేసే రోజుల్లో ఆ అంచుల్ని ఒకటికి రెండుసార్లు జరిపారు కూడా. కాటా కూడా ఎవరో ఒకరు సరిచేసిందే. అందుకే దానిమీద ప్రభుత్వం ముద్ర వుందో లేదో చూస్తాం.

చివరికి అక్కడి పెద్దలు చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. 2025 సెప్టెంబరులో ఒప్పుకుని, 2026 సీజను నించి పెట్టారు. తీర్పు మనిషే చెబుతాడు. నచ్చకపోతే బ్యాటరుగాని, పిచ్చరుగాని, క్యాచరుగాని వెంటనే తలమీద తట్టుకోవచ్చు. అదే సవాలు. బయటనించి ఎవరూ సలహా చెప్పకూడదు. కొన్ని సెకన్లలో యంత్రం బొమ్మ చూపిస్తుంది. జట్టుకి రెండే సవాళ్ళు. నెగ్గితే మిగులుతుంది, ఓడితే పోతుంది. 2025 వసంతంలో పరీక్షించి చూస్తే ఆటకి సుమారు నాలుగు సవాళ్ళు వచ్చాయి, సగానికి కాస్త ఎక్కువ ఆటగాళ్ళ పక్షాన తేలాయి. మిగతా సగంలో అంపైరే రైటని యంత్రం సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యమే గెరాకి లేకపోయింది. రేపు పావోల్ మీద ఎవరైనా కళ్ళెర్రజేస్తే, బంగాళాదుంపల మాట ఎత్తకుండా తల తట్టుకోమంటే సరి!

ఈ మాటే ఒక రాత్రి భోజనాల దగ్గర అల్లుడికీ మనవడికీ చెప్పాను. ఇద్దరూ సగం సగం ఒప్పుకున్నారు. అల్లుడు చారు పోసుకుని ఓ గుటక వేసి ఆగాడు.

"ఉప్పు సరిపోయింది బాబూ, నేను రుచి చూశాను" అన్నాను ముందే.

పక్కనించి మనవడు నెత్తిమీద టపటపా తట్టుకున్నాడు.

మా అమ్మాయి గరిటెతో తీసి నోట్లో వేసుకుని, "సవాలు నెగ్గాడమ్మా" అంది.

లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ వెండి గిన్నె రోజుల్లో నాకూ తల తట్టుకునే వీలుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.