ఓడ దిగాక మిగిలే ఫొటోలు

క్రూయిజ్‌కి వెళ్లొచ్చిన వాళ్లు ఫొటోలు చూడమని ఫోన్ చేతికిస్తే నేను ముందు మనుషుల కోసం వెతుకుతాను. సముద్రంలో సూర్యాస్తమయం, పై డెక్ మీద స్విమ్మింగ్ పూల్, బఫేలో పువ్వులా చెక్కిన పుచ్చకాయ, మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగు బొమ్మ అందరి ఫోన్లలోనూ ఉంటాయి. ఏ ఓడలో తీసినా, ఏ సముద్రం మీద తీసినా ఒక్కలాగే ఉంటాయి. తీయొద్దని అనను. సూర్యుడు నీళ్లలోకి దిగుతుంటే చెయ్యి ఊరుకుంటుందా? కానీ ఇంటికొచ్చాక నలుగురికీ చూపించే ఫొటోలు ఏరేటప్పుడు మాత్రం ఇంకో కంటితో చూడాలి. ఓడ మీద తీసినవాటిలో ఏవి నిలుస్తాయో తెలుసుకోవాలంటే నూరేళ్లు దాటిన ఫొటోలు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్దాం.

1912 ఏప్రిల్ 10న ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ రేవులో టైటానిక్ ఎక్కినవాళ్లలో ఫ్రాన్సిస్ బ్రౌన్ అనే ఐర్లండ్ యువకుడున్నాడు. జెస్యూట్ సంఘంలో చేరి క్రైస్తవ గురువు కావడానికి చదువుకుంటున్నాడు. అతనికి కెమెరా కొనిచ్చిందీ, ఈ ఓడకు టికెట్ తీసిందీ తండ్రి సోదరుడైన ఒక బిషప్. టికెట్ ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవు దాకానే. అంటే ఒక్క రాత్రి ప్రయాణం. ఓడలో పరిచయమైన అమెరికన్ దంపతులకు ఈ కుర్రాడు బాగా నచ్చాడు. న్యూయార్క్ దాకా రా, ఖర్చు మేం పెట్టుకుంటాం అన్నారు. బ్రౌన్ అనుమతి కోరుతూ తన పెద్దలకు వైర్‌లెస్‌లో కబురు పెట్టాడు. వెంటనే ఓడ దిగమని క్వీన్స్‌టౌన్‌లో జవాబు వచ్చింది. ఏప్రిల్ 11న కెమెరాతో, ఫిల్ముతో దిగిపోయాడు. 15వ తేదీ తెల్లవారుజామున ఓడ మునిగింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా పత్రికల్లో అచ్చయ్యాయి.

ఈ కథ చాలామందికి తెలిసిందే. అయితే అతను అసలు ఏం తీశాడన్నది కాస్త నిదానంగా చూడండి. ఓడ మునుగుతుందని అతనికి తెలియదు కదా, సెలవు మీద వెళ్లిన మామూలు ప్రయాణికుడిలా తిరుగుతూ తీశాడు. ఒక ఫొటోలో ఆరేళ్ల పిల్లవాడు డెక్ మీద బొంగరం ఆడుతున్నాడు. వాళ్ల నాన్న పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్లవాడి పేరు డగ్లస్ స్పెడెన్. అమ్మానాన్నలతో సహా ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంకో ఫొటోలో ఓడలోని వ్యాయామశాల. ఇంకోదాంట్లో డెక్ మీద షికారు తిరుగుతున్న మనుషులు. అంత పెద్ద ఓడ ఎక్కి అతను చూసింది ఓడ గొప్పతనం ఒక్కటే కాదు. అక్కడ ఆ పూట ఎవరు ఏం చేస్తున్నారో చూశాడు. అందుకే ఆ ఫొటోలు చూస్తే టైటానిక్ మనకు ప్రమాదంగా కాక మనుషులు తిరుగాడిన చోటుగా కనిపిస్తుంది.

వాటిలోనే ఇంకొకటుంది. వైర్‌లెస్ గదిలో తీసిన ఫొటో. ఫిల్మ్ ముందుకు తిప్పకుండా మళ్లీ తీయడంతో ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పరీక్షకు పెడితే ఏ మాస్టారూ మార్కులివ్వని ఫొటో. కానీ టైటానిక్ వైర్‌లెస్ గదికి ప్రపంచంలో ఉన్న ఫొటో అదొక్కటే. అందుకే చెడిపోయింది కదా అని ఓడ మీదే కూర్చుని ఫొటోలు డిలీట్ చేసేవాళ్లను చూస్తే నాకు మనసు ఒప్పదు. నలుగురికీ చూపించడానికి ఏరడం వేరు, పారేయడం వేరు. చూపించేవి కొన్నే అయినా, దాచుకునేవి అన్నీ ఉండాలి. బ్రౌన్ కూడా దాచాడు. 1960లో ఆయన పోయాక పాతికేళ్లకు, 1985లో, ఇంకో జెస్యూట్ గురువుకు ఒక ట్రంకు పెట్టె దొరికింది. అందులో జీవితమంతా తీసిన నెగటివ్‌లు దాదాపు 42 వేలు.

ఇక ఇప్పటి ఓడల సంగతి. అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులకు ఈమధ్య అలాస్కా క్రూయిజ్ తప్పనిసరి యాత్ర అయిపోయింది. వాళ్లు ఎక్కువగా వెళ్లేది వేసవిలో. సియాటిల్ నుంచి, కెనడాలోని వాంకూవర్ నుంచి ఓడలు ముమ్మరంగా బయల్దేరేదీ ఆ నెలల్లోనే. మా అక్కయ్య కుటుంబంతో నేనూ అలాగే వెళ్లాను. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకి రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి, మన ఓడ పక్కన వేలాడే నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కుతారు. రోజంతా మైకులో ఆ చోటు గురించి చెబుతూ ఉంటారు. ఆ నిచ్చెన ఎక్కే దృశ్యం చూడవలసిందే, తీయవలసిందే. ఆ వేళకు ఓడ సగం టిఫిన్ దగ్గర ఉంటుంది.

మార్జరీ హిమనదం ముందు ఓడ ఆగుతుంది. నీటి మీద 250 అడుగుల ఎత్తున, మైలు వెడల్పున నిలబడ్డ మంచు గోడ. కంటికి అంత పెద్దదిగా కనిపించింది ఫొటోలో పిట్టగోడలా వస్తుంది. కారణం, పక్కన పోల్చి చూసుకోవడానికి ఏమీ లేకపోవడం. గోడ ముందు ఎగిరే సీగల్‌ని గానీ, దూరంగా నిలిచిన చిన్న పడవని గానీ ఫ్రేములోకి రానివ్వండి, ఎత్తు తెలుస్తుంది. తెల్లటి మంచు ఎదురైతే ఫోన్ కెమెరా దానంతటది వెలుతురు తగ్గించేసి మంచును బూడిద రంగు చేస్తుంది. తెర మీద మంచును వేలితో నొక్కి వెలుతురు కాస్త పెంచాలి. అప్పుడు మంచు పగుళ్లలోని ఆ నీలం సరిగ్గా వస్తుంది. రైలింగ్ మీద మోచేతులు ఆనించకండి, ఇంజన్ అదురు చేతుల్లోకి వచ్చి ఫొటో చెదురుతుంది. పరుగులు కూడా అక్కర్లేదు. కెప్టెన్ ఓడను అక్కడే నిలిపి మెల్లగా చుట్టూ తిప్పుతాడు, అన్ని వైపుల వాళ్లకూ గోడ కనిపిస్తుంది.

ఇంత చెప్పాక కూడా, ఆ రోజు తీసినవాటిలో మా ఇంట్లో అందరూ మళ్లీ మళ్లీ అడిగి చూసేది హిమనదం ఫొటో కాదు. అక్కడ మంచు పెళ్లలు విరిగి నీళ్లలో పడుతుంటాయి. పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు ఆ తర్వాత వస్తుంది. అక్కడి ట్లింగిట్ ప్రజలు ఆ చప్పుడును తెల్ల ఉరుము అంటారు. పెద్ద పెళ్ల ఒకటి జారినప్పుడు అందరి ఫోన్లూ గోడ వైపే ఉన్నాయి. నేను పక్కకు తిరిగి అక్కయ్యను తీశాను. నేత చీర మీద అల్లుడి చలికోటు, తలకు మంకీ క్యాప్, కాళ్లకు బూట్లు. చప్పుడు అప్పుడే చెవిన పడింది. ఒక చెయ్యి గుండె మీద, ఇంకో చెయ్యి పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ భుజం మీద. ఆవిడా నోరు తెరిచి నవ్వుతోంది. వెనక మంచు గోడ మసకగా ఉంది. ఆ చప్పుడు ఎంతటిదో వీడియోలో సరిగ్గా రాలేదు. అక్కయ్య మొహంలో వచ్చింది.

సూర్యాస్తమయానికీ ఇదే వర్తిస్తుంది. డెక్ మీద అందరూ పడమటికి తిరిగి ఫోన్లు ఎత్తుతారు. మీరు వెనక్కి తిరగండి. ఆ ఎర్రటి వెలుగు పడిన మొహాలు ఎదురుగా ఉంటాయి. ఇంతకంటే మంచి వెలుతురు డబ్బు పోసి స్టూడియోకి వెళ్లినా దొరకదు.

ఇక పంచుకోవడం. 1899లో ఎడ్వర్డ్ హారిమన్ అనే అమెరికా రైల్వేల అధిపతికి డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నారు. ఆయన జార్జ్ డబ్ల్యూ. ఎల్డర్ అనే స్టీమరు మాట్లాడి కుటుంబంతో అలాస్కా బయల్దేరాడు. ఒట్టిగా వెళ్లడమెందుకని శాస్త్రవేత్తలనూ, చిత్రకారులనూ, రచయితలనూ వెంట తీసుకెళ్లాడు. మే 31న సియాటిల్‌లో బయల్దేరి జులై చివర్లో తిరిగొచ్చారు. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ ఆ ఓడలో ఉన్నాడు. ఫొటోలు తీయడానికి ఎడ్వర్డ్ కర్టిస్ ఉన్నాడు. తర్వాత అమెరికా ఆదివాసుల ఫొటోలతో చరిత్రకెక్కిన కర్టిస్ ఇతనే. ఆ రెండు నెలల్లో ఓడలోని వాళ్లంతా కలిసి వేలకొద్దీ ఫొటోలు తీశారు. తిరిగొచ్చాక హారిమన్ వాటిలోంచి కొన్ని వందలు ఏరించి, రెండు సంపుటాల ఆల్బమ్ కట్టించి, తోటి ప్రయాణికులకు జ్ఞాపికగా ఇచ్చాడు.

నాకు ఇందులో నచ్చింది ఆ ఏరడం. అంత డబ్బున్నవాడు అన్నీ అచ్చు వేయించి పంచగలడు. వేయించలేదు. మనం ఓడ దిగకముందే నాలుగు వందల ఫొటోలు కుటుంబం గ్రూపులో గుమ్మరిస్తాం. చూసేవాళ్లు పైనుంచి కిందికి వేలితో తోసేసి ఒక దండం బొమ్మ పెడతారు. వాళ్ల తప్పేం లేదు. చూడవలసింది ఏదో చెప్పకుండా కుప్ప పోసింది మనం. ఎవరికి పంపుతున్నామో చూసుకుని ఏరాలి. కూడా వచ్చినవాళ్లకు వాళ్లున్న ఫొటోలు అన్నీ ఇవ్వాలి, బాగా రాలేదనుకున్నవీ ఇవ్వాలి. రానివాళ్లకు పది, పన్నెండు చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాటిని కాగితం మీద ప్రింటు వేయించి పక్కన కూర్చుని చూపించాలి. ఇది ఎవరు, ఇది ఎక్కడ అని వాళ్లు అడిగే ప్రశ్నలతోనే సగం కథ బయటికొస్తుంది.

తేదీ, చోటు రాయడం మాత్రం ఎవరూ బద్ధకించకూడదు. గ్లేసియర్ బేలోనే మ్యూర్ హిమనదం ఉంది, ఆ జాన్ మ్యూర్ పేరుతోనే. 1941 ఆగస్టులో విలియం ఫీల్డ్ అనే పరిశోధకుడు దాన్ని ఫొటో తీశాడు. 2004 ఆగస్టులో బ్రూస్ మోల్నియా అనే భూగర్భ శాస్త్రవేత్త సరిగ్గా అదే చోట నిలబడి మళ్లీ తీశాడు. మొదటి ఫొటోలో మంచు నిండుగా ఉంది. రెండో దాంట్లో హిమనదం కనబడనే కనబడదు, ఏడు మైళ్లకు పైగా వెనక్కి పోయింది. ముందంతా సముద్రపు నీరు, ఒడ్డున పచ్చటి చెట్లు. భూమి వేడెక్కుతోందంటే నమ్మనివాళ్లకు కూడా చూపించగలిగిన జంట ఫొటోలివి. ఫీల్డ్ తను నిలబడ్డ చోటునూ తేదీనీ నమోదు చేసి ఉండకపోతే రెండో ఫొటోకు అర్థమే లేదు. మన సెలవు ఫొటోలకూ ఆ విలువ రావచ్చు. మన మనవలు అదే రేవులో నిలబడి అదే కొండను చూసే రోజొకటి ఉంటుంది.

మన తీరం సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి బతుకుతెరువుకు రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లాయి. ఆ ప్రయాణాల కథలు నేను చాలా ఇళ్లలో విన్నాను. ఓడ మీద తీసిన ఫొటో మాత్రం ఒక్క ఇంట్లోనూ చూడలేదు. కెమెరా వాళ్ల అందుబాటులో లేదు. ఇప్పుడు అదే విశాఖ రేవులో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాదే కార్డీలియా క్రూయిజెస్ సంస్థ వారి ఎంప్రెస్ ఓడ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికులను తీసుకెళ్లింది. సరదాగా ఓడ ఎక్కే తరం మనకు ఇప్పుడిప్పుడే వస్తోంది. కెమెరా అందరి జేబుల్లోనూ ఉంది. ఈ తరం తీసేవి డెక్ మీద రీళ్లు మాత్రమే అయితే నాకు నిజంగా బాధ.

కొన్ని మర్యాదలు పాటించాలి. పూల్ దగ్గర ఆడే ఇతరుల పిల్లలున్న ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి. ఓడలో పనిచేసేవాళ్లను తీసేముందు ఒక మాట అడగండి. గోవా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, ఇండోనేషియా నుంచి వచ్చి నెలల తరబడి ఇల్లు వదిలి ఉండే మనుషులు వాళ్లు. రోజూ మన గది సర్ది, తువ్వాలుతో ఏనుగు బొమ్మ చేసి పెట్టే కుర్రాడు చాలా ఫొటోల్లో ఉండడు. ఏనుగు మాత్రం అందరి దగ్గరా ఉంటుంది.

కాబట్టి ఈ వేసవిలో ఓడ ఎక్కేవాళ్లను ఒకటి కోరతాను. ఆ కుర్రాడిని అడిగి, ఏనుగుతో కలిపి ఒక ఫొటో తీయండి. పేరూ ఊరూ అడిగి రాసుకోండి. ఓడ దిగేలోపు ఆ ఫొటో అతని ఫోన్‌కి పంపండి. వాళ్ల అమ్మకి పంపుకుంటాడు.